తాబేలు కాపురం

ఈ నెల మా శీర్షికలో రక్తపోటుకు, చక్కెర జబ్బుకు సెలవు. సంక్రాంతి సంబరాలనాడు భోజనాల వరుసలో నిలబడి ఉండగా ఒకావిడ మమ్మల్ని పక్కకు పిలిచి, "డాక్టరుగారూ, మీ ఇంట్లో తాబేలుందటగా? దానికి ఇల్లు ఎలా అమర్చారో కాస్త చెబుతారా? మావాడు మా ప్రాణాలు తోడేస్తున్నాడు" అన్నారు. ఆవిడ వెనకాలే ఉన్న ఇంకొకరు, "మా ఇంట్లోనూ అదే గొడవండీ" అన్నారు. అప్పటికి నాలుగు ముక్కలు చెప్పాము గాని, పులిహోర విస్తరి చేత్తో పట్టుకుని చెప్పే సంగతులు కావివి. కనుక ఇక్కడ రాస్తున్నాము.

మన పిల్లలు తాబేలే కావాలని ఎందుకు పట్టుబడతారో ఊహించడం కష్టం కాదు. హెచ్.డి.బి. ఇళ్ళలో కుక్కను పెంచాలంటే ఒక్కదాన్నే, అదీ వాళ్ళు ఒప్పుకున్న చిన్న జాతుల్లోంచి పెంచాలి. పిల్లినైతే 2024 సెప్టెంబరు దాకా పెంచనిచ్చేవారే కాదు. పైగా వేసవి సెలవులకు వచ్చే నాయనమ్మగారు కుక్క వంటింట్లోకి వస్తే మంచినీళ్ళు కూడా ముట్టరు. తాబేలైతే మొరగదు, బొచ్చు రాల్చదు, పక్కింటివారి తలుపు గోకదు. అన్నిటికీ మించి సాక్షాత్తు విష్ణుమూర్తి రెండో అవతారం! నాయనమ్మగారు కూడా కాదనలేరు. మనలో చాలా ఇళ్ళలో ముందుగదిలో నీళ్ళ పళ్ళెంలో ఇత్తడి తాబేలు ఎలాగూ ఉంటుంది, వాస్తుకని. దాని పక్కన ప్రాణమున్నది ఇంకొకటి ఉంటే ఏం పోయిందని పిల్లల వాదన. ఇత్తడి తాబేలుకు తిండి, ఎండ, డాక్టరు అక్కర్లేదని మాత్రం వాళ్ళకు తోచదు.

అసలు చిక్కు మన మాటలోనే ఉంది. నీళ్ళలో ఈదేదీ తాబేలే, పొలం గట్టున నడిచేదీ తాబేలే. ఇంగ్లీషువాడు ఒకదాన్ని టర్టిల్ అని, ఇంకొకదాన్ని టార్టాయిస్ అని విడదీశాడు. ఇక్కడివారు నీళ్ళలో ఉండేదాన్ని టెరాపిన్ అని కూడా అంటారు. పుస్తకం తీసి "టార్టాయిస్‌కు ఇల్లు కట్టడం ఎలా" అని చదివితే పొడి మట్టి, ఎండుగడ్డి, చెక్కపెట్టె అని ఉంటుంది. ఆ లెక్కన కట్టిన పెట్టెలో నీటి తాబేలును దింపితే ఎండిపోతుంది. నేల తాబేలును నీళ్ళ తొట్టిలో వేస్తే మునిగి చస్తుంది. కాబట్టి ఇల్లు సంగతి తర్వాత, ముందు ఇంటివారెవరో తేలాలి.

ఆ సంగతి సింగపూరులో చట్టమే తేల్చేసింది. ఇక్కడ ఇంట్లో పెంచుకోవడానికి అనుమతి ఉన్నవి రెండే జాతులు. ఒకటి చెవుల దగ్గర ఎర్ర చార ఉండే అమెరికా నీటి తాబేలు, అంటే రెడ్ ఇయర్డ్ స్లైడరు. రెండోది మలయా పెట్టె తాబేలు. నేల తాబేలు ఏ జాతిదైనా సరే, పెంచడం నేరం. మన నక్షత్ర తాబేలు కూడా అందులోదే.

ఇక్కడ కాస్త ఆగాలి. నక్షత్ర తాబేలంటే మనకు పరాయిది కాదు. రాయలసీమ చిట్టడవుల్లో, పొలం గట్ల మీద తిరిగే ప్రాణి. నల్లటి డిప్ప మీద పసుపు గీతలు నక్షత్రాల్లా విచ్చుకుని ఉంటాయి. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మంలో కూర్మనాథస్వామి గుడికి వెళ్ళినవారు ఆవరణలో వీటిని చూసే ఉంటారు. ఆ అందమే దాని కొంప ముంచింది. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి చట్టం వీటిని పట్టరాదు, అమ్మరాదు, పెంచరాదు అంటున్నా, సంచుల్లోను సూటుకేసుల్లోను కుక్కి దేశాలు దాటించే వ్యాపారం ఆగలేదు. 2019లో జెనీవాలో జరిగిన సైటిస్ సమావేశంలో దీన్ని మొదటి అనుబంధంలోకి ఎక్కించారు. అంటే అడవి నుంచి పట్టినదాన్ని దేశాల మధ్య వ్యాపారానికి తిప్పడం పూర్తిగా నిషిద్ధం.

మన చోవా చూ కాంగ్‌కూ ఈ కథకూ సంబంధం ఉంది. ఇక్కడి పొలాల వైపు, జలాన్ లేకార్ దారిలో, ఏకర్స్ అనే సంస్థవారి వన్యప్రాణి రక్షణ కేంద్రం ఉంది. ఇళ్ళలో దొంగతనంగా పెంచగా పట్టుబడినవి, ఎవరో వదిలేసి పోయినవి అక్కడికి చేరుతుంటాయి. అలా చేరిన 51 నక్షత్ర తాబేళ్ళను 2018 నవంబరులో విమానమెక్కించి బెంగుళూరు పంపారు, కర్ణాటక అడవుల్లో తిరిగి వదలడానికి. మనం ఏడాదికొకసారి టిక్కెట్టు ధర చూసుకుని వెళ్ళే ఊరికి, అవి జీవితంలో ఒక్కసారి, తిరుగు టిక్కెట్టు లేకుండా వెళ్ళాయి.

ఇది ఎందుకు రాస్తున్నామంటే, "మా తెలిసినవారింట్లో ఒక చుక్కల తాబేలుంది, దాని డిప్ప మీద బుడిపెలు వస్తున్నాయి, ఏమైనా మందుందా" అని మమ్మల్ని ఒకరు కాదు, ఇద్దరు అడిగారు. ఆ తెలిసినవారెవరో మేము అడగలేదు. మందు మాత్రం ఇదే: ఆ తాబేలుకు మీరు ఎంత మంచి గది అమర్చినా అది దాచిపెట్టిన గదే. జబ్బు చేస్తే పశువైద్యుడి దగ్గరికి తీసుకుపోలేరు, స్నేహితులు వస్తే పిల్లలచేత అబద్ధం ఆడించాలి. నేషనల్ పార్క్స్ వారికి గాని, ఏకర్స్ వారికి గాని ఫోను చేసి అప్పగించే సంగతి మాట్లాడండి. పిల్లలు ఏడుస్తారు. ఏడవనివ్వండి. అది మన ఊరి ప్రాణి అనీ, మన ఊళ్ళో కూడా దాన్ని ఎవరూ ఇంట్లో ఉంచుకోకూడదనీ వాళ్ళకు చెబితే అర్థమవుతుంది.

ఇక చట్టం ఒప్పుకున్న తాబేలు మాట. మా ఇంట్లో ఉన్నది ఎర్రచెవి నీటి తాబేలు. మేము కొన్నది కాదు. మూడేళ్ళ క్రితం మా బ్లాకులోనే ఉండే ఒక తెలుగు కుటుంబం మెల్‌బోర్న్‌కు మారిపోతూ మాకు అప్పగించి పోయారు. ఆస్ట్రేలియావారు ఈ జాతిని చీడగా ఎంచి గడప తొక్కనివ్వరు. ఆ పిల్లలు దానికి పెట్టిన పేరు కూర్మయ్య. నీలంరంగు ప్లాస్టిక్ డబ్బా, అందులో రెండంగుళాల నీళ్ళు, మధ్యలో ఒక ప్లాస్టిక్ కొబ్బరిచెట్టు. ఇదీ కూర్మయ్య కాపురం. దుకాణంలో పిల్లతాబేలుతో పాటు అంటగట్టేది అదే. కొనేటప్పుడు అది యాభై సెంట్ల నాణెం కంటె కాస్త పెద్దదిగా ఉంటుంది, డబ్బా సరిపోయినట్టే కనబడుతుంది. ఆడది పెరిగి పెద్దదైతే డిప్ప పాతిక సెంటీమీటర్లు దాటగలదని దుకాణదారు చెప్పడు.

మా దగ్గరికి వచ్చేనాటికి దాని కళ్ళు వాచి మూసుకుపోయి ఉన్నాయి. డిప్ప అంచు బొటనవేలితో నొక్కితే లోపలికి పోతోంది. కర్నూలులో ఎం.బి.బి.ఎస్. చదివే రోజుల్లో పిల్లల వార్డులో దొడ్డికాళ్ళ పిల్లల్ని, మణికట్టు ఉబ్బిన పిల్లల్ని చూసినవాళ్ళం గనుక మాకు పుస్తకం తెరవక్కర్లేకపోయింది. ఇది రికెట్సే. తాబేటి డిప్ప అది తొడుక్కున్న చొక్కా కాదు. దాని వెన్నెముక, పక్కటెముకలు పరుచుకుని ఒకదానితో ఒకటి అతుక్కుని డిప్ప అయ్యాయి. ఎముక మెత్తబడితే డిప్ప మెత్తబడుతుంది. కళ్ళ వాపు విటమిన్ 'ఎ' లోపం. ఎండు రొయ్యలు తప్ప మరొకటి ఎరగని తాబేళ్ళకు మామూలుగా వచ్చేదే. మేము మనుషుల డాక్టర్లం, కనుక రోగం పేరు చెప్పి ఊరుకుని, వైద్యం మాత్రం సరీసృపాలు చూసే పశువైద్యుడిచేత చేయించాము. మీరూ అలాగే చేయండి. ఇంట్లో పిల్లలకు తెచ్చిన విటమిన్ చుక్కలు దాని నోట్లో పోయకండి. 'ఎ', 'డి' విటమిన్లు మోతాదు మించితే విషాలు.

ఆ పశువైద్యుడే ముందరి కాళ్ళ గోళ్ళు, తోక చూసి నవ్వి, ఇది ఆడది అన్నాడు. మగవాటికి ముందుకాళ్ళ గోళ్ళు బాగా పొడుగ్గా, తోక లావుగా ఉంటాయి. అంచేత కూర్మయ్య ఆ రోజు నుంచి కూర్మమ్మ.

రికెట్స్‌కు మూలం ఎండ లేకపోవడం. సూర్యుడి వెలుతురులోని అతినీలలోహిత కిరణాల్లో 'బి' తరగతివి చర్మం మీద పడితేనే డి3 విటమిన్ తయారవుతుంది, అది ఉంటేనే తిన్న సున్నం ఒంటికి పడుతుంది. మనకూ అంతే, తాబేలుకూ అంతే. "మా బాల్కనీ అద్దాల్లోంచి బోలెడు ఎండ పడుతుందండీ" అంటారు. పడుతుంది, కాని మామూలు కిటికీ అద్దం ఆ 'బి' కిరణాలను దాదాపుగా ఆపేస్తుంది. వెలుతురు వస్తుంది, వేడి వస్తుంది, కావలసింది రాదు. పోనీ అద్దం తొట్టినే ఎండలో పెడదామంటే నీళ్ళు కాగి తాబేలు ఉడికిపోతుంది. భూమధ్యరేఖకు ఇంత దగ్గరలో ఉంటూ ఎండను డబ్బిచ్చి కొనుక్కోవడం విడ్డూరమే, కాని ఫ్లాటులో వేరే దారి లేదు. సరీసృపాల కోసమే చేసిన యు.వి.బి. ట్యూబులైటు దొరుకుతుంది. తాబేలు వీపుకు పాతిక, ముప్పై సెంటీమీటర్ల ఎత్తులో, మధ్యలో అద్దంగాని ప్లాస్టిక్ మూతగాని లేకుండా కట్టాలి. ఏడాది తిరిగేసరికి మార్చాలి. ట్యూబు వెలుగుతూనే ఉంటుంది, అదే మోసం. కంటికి కనబడే వెలుతురు మిగిలి, కనబడని కిరణాలు తగ్గిపోతాయి. మా ట్యూబు మీద పెట్టిన తేదీని స్కెచ్ పెన్నుతో రాసి ఉంచుతాము, ఇంజెక్షను సీసా మీద రాసినట్టు.

దాని పక్కనే వేడికోసం ఒక హాలొజెన్ బల్బు. ఇది ఎండ కాచుకునే చోట 32 డిగ్రీల దాకా వేడి ఉంచాలి. నీళ్ళు 26 చుట్టుపక్కల ఉంటే చాలు, సింగపూరులో అవి వాటంతటవే ఉంటాయి. నీళ్ళ హీటరు కొనమని దుకాణంలో చెబితే మర్యాదగా వద్దనండి. ఒక్క షరతు: తొట్టి ఏ.సి. పడకగదిలో ఉండకూడదు. రాత్రంతా చల్లబడిన గదిలో తాబేలుకు తిన్నది అరగదు, తర్వాత న్యుమోనియా పట్టుకుంటుంది. ఈదేటప్పుడు ఒక పక్కకు ఒరిగిపోయి తేలుతోందంటే ఒక ఊపిరితిత్తి చెడిందని అనుమానించండి. స్టెతస్కోపు అక్కర్లేని రోగనిర్ణయం అది. దీపాలు రెండింటికీ టైమరు పెట్టి ఉదయం ఏడింటికి వెలిగి రాత్రి ఏడింటికి ఆరేట్టు చేశాము. ఇక్కడ ఏడాది పొడుగునా పగలు పన్నెండు గంటలే గనుక ఇందులో ఆలోచించడానికేమీ లేదు.

తొట్టి ఎంత ఉండాలంటే, డిప్ప పొడుగు అంగుళానికి నలభై లీటర్ల లెక్కన అని పెంచేవారు చెప్పుకునే లెక్క. మా కూర్మమ్మ ఇప్పుడు 22 సెంటీమీటర్లు. ఆ లెక్కన మూడువందల యాభై లీటర్లు. ఇక్కడ మన సంఘంలో ఉన్న ఒక సివిల్ ఇంజనీరుగారిని ఇంటికి పిలిచి కాఫీ ఇచ్చి సలహా అడిగాము. లీటరు నీళ్ళు కిలో బరువని ఆయన చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పి, హాలు మధ్యలో పెట్టాలన్న మా ఉబలాటం మాన్పించారు. ఆయన చూపించిన చోటే, కింద దూలం ఉన్న గోడ వెంబడి, 120 సెంటీమీటర్ల పొడుగు, 60 వెడల్పు తొట్టి పెట్టి, నీళ్ళు 30 సెంటీమీటర్లకు మించకుండా నింపాము. అదే 216 కిలోలు, అద్దం, బల్ల బరువు కాక. మందర పర్వతాన్ని మోసింది కూర్మమే గాని మా ఫ్లాటు స్లాబు కాదు గదా. లోతు తగ్గినా తాబేలు వెల్లకిలా పడితే తిరిగి బోర్లా పడటానికి చాలినన్ని నీళ్ళుండాలి, అంటే దాని వెడల్పుకంటె లోతు ఎక్కువుండాలి. వెడల్పు తొట్టి దానికి ఎత్తు తొట్టికంటె మేలు. అది ఈదేది అడ్డంగా.

ఎండ కాచుకోవడానికి పొడి గట్టు కావాలి. దుకాణాల్లో దొరికే తేలే పలకలు పిల్లతాబేళ్ళకే. కిలోన్నర బరువున్న కూర్మమ్మ ఎక్కితే మునిగిపోయేవి. పి.వి.సి. గొట్టాలతో తొట్టిపైన ఒక మంచె కట్టి, నీళ్ళలోకి వాలుగా ఒక బల్ల దింపాము. జొన్నచేలో పిట్టలు తోలే మంచెలా ఉందని చూడవచ్చిన మామయ్యగారు అన్నారు. మొదటి మూడురోజులు దాని వంక చూడలేదు. నాలుగోరోజు ఉదయం దీపం వెలిగిన పావుగంటకు ఎక్కి, మెడ చాచి, నాలుగుకాళ్ళూ వెనక్కు బారజాపి పడుకుంది. తాబేలు సుఖంగా ఉందనడానికి అంతకు మించిన గుర్తు లేదు.

మంచెకు ఒక పక్కన ఇసుకా మట్టీ కలిపి నింపిన లోతైన పెట్టె ఉంటుంది. అది ఆడ తాబేళ్ళకు. మగతోడు లేకపోయినా అవి గుడ్లు పెడతాయి, కోడిపెట్టల్లాగే. అవి పొదగవు గాని, తవ్వుకోవడానికి మట్టి దొరక్కపోతే తల్లి గుడ్లను లోపలే ఆపుకుంటుంది. తిండి మానేస్తుంది, వెనక కాళ్ళతో అద్దాన్ని గీరుతుంది. అలాగే వదిలేస్తే ప్రాణం పోతుంది. పశువైద్యులు దీనికి వాడే మందేమిటో తెలిస్తే మన ప్రసూతి డాక్టర్లు నవ్వుకుంటారు: ఆక్సిటోసినే. పాతిక డాలర్ల మట్టిపెట్టెతో తప్పేదాన్ని ఇంజెక్షను దాకా తెచ్చుకోవడమెందుకు?

నీళ్ళ సంగతి మన ఇంట్లో ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ జగడం తెచ్చే సంగతి, ఎవరు మార్చాలన్నదాని మీద. తాబేలు చేపకంటె చాలా ఎక్కువ మురికి చేస్తుంది. తొట్టి చేపలకు సరిపోయే ఫిల్టరు దీనికి చాలదు, నీళ్ళ కొలతకు రెండు మూడింతలకు తగినది కొనాలి. ఫిల్టరు స్పాంజిలో కాపురముండే బాక్టీరియాలే అసలు పాకీపని చేస్తాయి. వ్యర్థంలోని అమ్మోనియాను నైట్రైటుగా, నైట్రైటును అంతగా హాని చేయని నైట్రేటుగా మారుస్తాయి. అవి నెలా నెలన్నరలో స్థిరపడతాయి. శుభ్రం పేరిట ఆ స్పాంజిని కుళాయి కింద పిండితే వాటిని చంపినట్టే. ఇక్కడి కుళాయినీళ్ళలో ఉండేది క్లోరమిన్. మన ఊళ్ళో క్లోరిన్ నీళ్ళను బిందెలో రాత్రంతా ఉంచితే వాసన పోయేది గాని, ఇది అలా పోదు. విరుగుడు చుక్కలు అమ్ముతారు, నీళ్ళు పోసేముందు కలపాలి. వారానికొకసారి పావువంతు నీళ్ళు మారిస్తే చాలు. సైఫను గొట్టాన్ని నోటితో పీల్చి మొదలుపెట్టకండి, చేతి పంపు వాడండి. తీసిన నీళ్ళు బాల్కనీలో బకెట్లలో నిలవ ఉంచకండి. 2020లో ఈ చిన్న ద్వీపంలో డెంగీ కేసులు 35 వేలు దాటాయి. తనిఖీకి వచ్చే ఆఫీసరుకు మీ తాబేలు ముద్దుగా కనబడవచ్చు గాని బకెట్లో తోకాడించే పిల్లదోమలు కనబడవు.

తిండికి ఎక్కువ రాయక్కర్లేదు. పిల్లప్పుడు మాంసం వైపు, పెద్దయ్యాక ఆకుల వైపు మొగ్గుతుంది. నీటి తాబేళ్ళ గుళికలు దాని తలకాయంత పరిమాణం, పెద్దదానికి రోజు విడిచి రోజు. మిగతాదంతా ఆకు. ఇక్కడి బజారులో కంగ్‌కొంగ్ అని అమ్మేది మన తూటికూరే, దానికి ప్రాణం. పాలకూర, తోటకూర మనకు మంచివే గాని వాటిలోని ఆక్సలేటు సున్నాన్ని పట్టేసుకుంటుంది, కనుక దానికి ఎప్పుడో తప్ప వద్దు. దద్దోజనం అసలు వద్దు. కూర్మావతారమే గదా అని ప్రసాదం పెట్టే పెద్దవాళ్ళుంటారు, చేతులు జోడించి ఆపండి.

ఇప్పుడు డాక్టరుగా చెప్పి తీరవలసింది. తాబేళ్ళ పేగుల్లో సాల్మొనెల్లా క్రిములు ఏ జబ్బూ కనబడకుండా ఉంటాయి. తాబేలుకు ఏమీ కాదు, అది విడిచిన నీళ్ళలో చేయి పెట్టిన పిల్లవాడికి మాత్రం జ్వరం, రక్తంతో విరేచనాలు. అమెరికాలో డిప్ప నాలుగంగుళాలకు తక్కువున్న తాబేళ్ళను అమ్మరాదని 1975లో నిషేధించింది ఇందుకే. చిన్నవాటిని పిల్లలు నోట్లో పెట్టుకునేవారు. ఇంట్లో అయిదేళ్ళ లోపు బిడ్డ ఉన్నా, గర్భిణి ఉన్నా, కాన్సరు మందులు వాడే పెద్దవారున్నా, ఇప్పుడు తాబేలు వద్దు. నాలుగేళ్ళు ఆగండి. ఉన్నవారు ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. తొట్టి సామాను వంటింటి సింకులో కడగరాదు. మా ఇంట్లో దానికి వేరే బకెట్టు, వేరే బ్రష్షు, వాటి మీద ఎర్ర టేపు. మా అమ్మాయి స్నేహితులు వస్తే ముందు చేతులు కడిగించేది మా అమ్మాయే, ఆపరేషను థియేటరులో నర్సులా నిలబడి. ముద్దులు పెట్టడం నిషేధం. మాకు తెలిసి ఆ ఒక్క చట్టమే అప్పుడప్పుడు ఉల్లంఘన అవుతోంది.

పెట్టె తాబేలు పెంచాలనుకునేవారికి రెండు మాటలు. అది ఈ ప్రాంతపు ప్రాణే. కడుపు పక్క డిప్పకు మడతబందు ఉండి, భయపడితే తలుపు వేసుకున్నట్టు పూర్తిగా మూసుకుంటుంది. దానికి లోతు నీళ్ళు వద్దు. సగం తడి నేల, ఆకులు, సగం నిస్సారపు నీళ్ళు. దీపాలు, శుభ్రం మాత్రం అవే. మేము పెంచలేదు గనుక అంతకు మించి చెప్పము.

చోవా చూ కాంగ్ అన్న పేరుకు చువా వంశంవారి ఇల్లున్న ఏటి ఒడ్డు అని అర్థమట. నూటయాభై ఏళ్ళ కిందట మిరియాల తోటలు వేసుకోవడానికి వచ్చిన చైనావారు పెట్టిన పేరు. ఆ ఒడ్డున ఇప్పుడు మన పదమూడో అంతస్తులున్నాయి. ఒక నీటి తాబేలుకు ఇల్లమర్చడం అంటే ఆ ఏరు, ఆ ఒడ్డు, ఆ ఎండ, మూడింటినీ కరెంటు బిల్లుతో సహా ఇంట్లోకి తేవడమే. చేయగలిగిన పనే. మేము చేశాము, మూడేళ్ళకు డిప్ప గట్టిపడింది, కళ్ళు తెరిచింది. కాని చేసేముందు ఒక లెక్క వేసుకోండి.

ఈ తాబేలు సరిగా చూసుకుంటే ముప్పై ఏళ్ళు బతకగలదు. మన వర్క్ పాస్ మీద ముద్ర రెండు మూడేళ్ళకొకసారి పడుతుంది. ఈ బ్లాకుకు వచ్చాక మేము చూస్తుండగానే ఎన్నో తెలుగు కుటుంబాలు మారిపోయాయి, హైదరాబాదుకు, మెల్‌బోర్న్‌కు, డల్లాస్‌కు. సోఫా అమ్మొచ్చు, బియ్యం డబ్బా పక్కింటికివ్వొచ్చు. తాబేలును ఎవరికిస్తారు? చివరివారంలో ప్యాకింగు మధ్య ఆ ప్రశ్న వస్తుంది, అప్పుడు చాలామందికి తోచే జవాబు చెరువు. పుణ్యమని కూడా అనుకుంటారు. అది పుణ్యం కాదు, నేరం. ఇంట్లో పెరిగినది తిండి వెతుక్కోలేక చచ్చిపోవచ్చు. బతికితే అంతకంటె కష్టం. మిసిసిపీ నది తీరాల నుంచి వచ్చిన ఈ జాతిని ప్రపంచంలో అతి హానికరమైన వంద దండయాత్ర జాతుల జాబితాలో చేర్చారు. ఇక్కడి స్థానిక తాబేళ్ళ తిండీ, ఎండ కాచుకునే దుంగలూ ఇవే ఆక్రమిస్తాయి. బొటానిక్ గార్డెన్స్ చెరువు గట్టున ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న ఎర్రచెవులను చూసి మన పిల్లలు చప్పట్లు కొడతారు. అవన్నీ ఒకప్పుడు ఎవరో ఒకరి ఇంట్లో పేరున్నవో, వాటి సంతానమో.

అందుకని మా ఇంట్లో తొట్టి పక్కన గోడకు ఒక కాగితం అంటించి ఉంది. దాని మీద కూర్మమ్మ పుట్టిందనుకునే సంవత్సరం, ట్యూబు మార్చిన తేదీలు, పశువైద్యుడి ఫోను నంబరు, మేము వెళ్ళిపోవలసి వస్తే దాన్ని తీసుకుంటామని మాట ఇచ్చిన రెండు కుటుంబాల పేర్లు ఉన్నాయి. అందులో ఒకరు ఇక్కడే పుట్టి పెరిగిన చైనీస్ దంపతులు, మా కింది అంతస్తువారు. వాళ్ళు ఎక్కడికీ పోరు. మీకూ తాబేలును తేవాలనుంటే, తొట్టి కొలతలకన్న ముందు ఆ రెండో పేరు సంపాదించండి. ఆ పేరు దొరక్కపోతే దుకాణానికి వెళ్ళకండి, మా ఇంటికి రండి. శనివారం సాయంత్రాలు నీళ్ళు మార్చే వేళ, పిల్లలు ఎంతమందైనా సహాయానికి పనికివస్తారు.

దుకాణంలో పిల్లతాబేలును కొనడం కంటె, ఎవరో ఊరు విడిచిపోతూ దిక్కులేకుండా చేస్తున్నదాన్ని తెచ్చుకోవడం మేలని మా అభిప్రాయం. అటువంటివి ఎప్పుడూ ఉంటూనే ఉన్నాయి. మా దగ్గర కూర్మమ్మ పాత తొట్టి ఒకటి, మూడడుగులది, ఫిల్టరుతో సహా ఖాళీగా ఉంది. మగ తాబేలుకు సరిపోతుంది. కావలసినవారు తాబేలును ఇంటికి తేకముందే వచ్చి పట్టుకుపోవచ్చు. డబ్బక్కర్లేదు, ఇద్దరు మనుషులు మాత్రం రావాలి, బరువెక్కువ. ఆ నీలం డబ్బా కూడా ఉంది. ఇప్పుడు అందులో కరివేపాకు మొక్క పెరుగుతోంది, కనుక అది ఇవ్వము.

వచ్చే నెల మళ్ళీ కొలెస్టరాలు.